గాజులవ్వ దుకాణంలో చెడ్డోళ్లు

ఆ రోజుల్లో మనిషికి ఒక పిచ్చి ఉండడం తప్పుగా ఎవరూ అనుకునేవారు కాదు, కాకపోతే ఆ పిచ్చి నలుగురికీ అర్థమయ్యేదై ఉండాలి. క్రికెట్టు పిచ్చి అంటే తలూపేవారు, సినిమా పిచ్చి అంటే నవ్వి ఊరుకునేవారు. ఇరవై నాలుగేళ్లు నిండిన మగవాడు, మండలాఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని పొలాల పహాణీ నకళ్లు తీసి ఇచ్చేవాడు, ప్లాస్టిక్ బొమ్మల కోసం ఊళ్లు తిరుగుతున్నాడంటే మాత్రం మా కామారెడ్డిలో దానికి పేరు లేదు. పేరు లేని జబ్బుకు మందు ఉండదు కాబట్టి నేను దాన్ని దాచుకుని తిరిగేవాణ్ని.

మొదలు చెప్పాలంటే మా బాపు దగ్గర మొదలుపెట్టాలి. బాపు, అంటే మా నాన్న, బస్సు కండక్టరు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఎప్పుడైనా హైదరాబాదు డ్యూటీ పడితే సైనికుడి బొమ్మ ఒకటి తెచ్చేవాడు. అరజానెడు పొడవు, మోచేతులూ మోకాళ్లూ వంగుతాయి, నడుము తిరుగుతుంది, చేతిలో అగ్గిపుల్లంత తుపాకి (మొదటి గంటలోనే పోయేది). ఆ బొమ్మల్లో రెండు జట్లుండేవి, దేశాన్ని కాపాడే మంచోళ్లు, ప్రపంచాన్ని కాజేయాలని చూసే చెడ్డోళ్లు. బాపు మాత్రం మంచోళ్లనే తెచ్చేవాడు. "ఇంట్ల చెడ్డోళ్లెందుకు" అనేవాడు. దాంతో మా ఇంట్లో ముగ్గురు వీరులు పోగయ్యారు, శత్రువు ఒక్కడూ లేడు. గత్యంతరం లేక వాళ్లు మూడేళ్లపాటు బట్టల క్లిప్పులతో యుద్ధం చేశారు. ఒక్కసారి కూడా ఓడలేదు, అదే పెద్ద బాధ.

బొమ్మలు అంటించి అమ్మే అట్టల వెనక మొత్తం జట్టు బొమ్మలు అచ్చువేసి ఉండేవి. అందులో చెడ్డోళ్లను చూసి నేను మురిసిపోయేవాణ్ని. మంచోళ్లంతా ఒకే ఆకుపచ్చ బట్టల్లో పోలీసు కవాతుకు పోతున్నట్టుంటే, చెడ్డోళ్లలో ఒక్కొక్కడిదీ ఒక్కో తీరు. ఒకడికి ఇనుప దవడ, ఒకడికి కంటిమీద పట్టీ. అందరికంటే గొప్పవాడు భుజాలనుంచి మడమలదాకా నల్లటి వస్త్రం కప్పుకున్నవాడు. మా అవ్వ కప్పుకునే గొంగడి గుర్తొచ్చి నేను వాడికి గొంగడి దొర అని పేరుపెట్టుకున్నాను. కంపెనీవాళ్లు పెట్టిన పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఉద్యోగం వచ్చాక, జీతం చేతిలో పడ్డాక, ఆ చిన్నప్పటి లోటు తీర్చుకోవాలనిపించింది. పాత సామాన్ల దుకాణాలు, స్నేహితుల ఇండ్లలో అటకలు వెతికి రెండేళ్లలో ఏడుగురు చెడ్డోళ్లను సంపాదించాను. ఇద్దరికి బొటనవేళ్లు లేవు, ఒకడికి తలే లేదు. గొంగడి దొర మాత్రం దొరకలేదు.

అప్పుడు నా ఆఫీసు ఎల్లారెడ్డిలో. రోజూ కామారెడ్డినుంచి బస్సు. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమంతో బందులు లేని వారం లేదు కాబట్టి బస్సు ఉన్న రోజు పండగలాగే ఉండేది. ఒక శనివారం మధ్యాహ్నం అన్నం తిని వస్తుంటే వాన పట్టుకుంది. బజారులో ఒక గాజుల దుకాణంలో దూరాను. లోపల డెబ్బై ఏళ్ల ముసలావిడ, ముక్కుకు రెండువైపులా ముక్కుపుడకలు, చేతిలో గాజులు గుచ్చిన తీగ. ఊరంతా ఆమెను గాజులవ్వ అంటారు. తల తుడుచుకుంటూ పైకి చూశాను. బొట్టుబిళ్లల డబ్బాలపైన, పైకప్పుకు ఆనుకున్న అరలో, దుమ్ము పట్టిన అట్టలు వరసగా నిలబడి ఉన్నాయి. ఇనుప దవడ, కంటి పట్టీ, ఆ పక్కనే, అట్టకు అంటించిన ప్లాస్టిక్ బుడగ కూడా చిరగకుండా, గొంగడి దొర.

"అవ్వా, ఆ బొమ్మలెంత?" అన్నాను.

"అవి అమ్మేటియి గావు బిడ్డ" అంది ఆమె, తలెత్తకుండానే.

"మరి ఎందుకు పెట్టినవ్?"

"ఉండాలె గనుక పెట్టిన. నీకేం గావాలె చెప్పు."

ఏదో ఒకటి కొనకపోతే బాగుండదని అర డజను ఎర్రగాజులు కొన్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు. తర్వాతి శనివారం మళ్లీ పోయాను, మళ్లీ అడిగాను, మళ్లీ కాదంది, ఈసారి రిబ్బను కొన్నాను. ఆమె మనసు కరిగించాలంటే పాత గిరాకీ అనిపించుకోవాలని నా లెక్క. అలా నాలుగు నెలల్లో నా ట్రంకుపెట్టెలో గాజులు, పిన్నులు, కాటుక డబ్బీలు, ఒక సవరం కూడా చేరాయి. (సవరం ఎందుకు కొన్నానో అడగకండి. ఆ రోజు ఆమె కొంచెం నవ్వింది, ఆ సంతోషంలో కొన్నాను.) ఆ మధ్యాహ్నాల్లో నేను చూసింది ఇంకొకటి ఉంది. కూలికి పోయే ఆడవాళ్లు వస్తే వాళ్ల చేతులు అరచేతుల్లోకి తీసుకుని, గట్టిపడిన ఎముకలను మెల్లగా ఒత్తి, ఒక్క గాజు పగలకుండా తొడిగేది. గాజులో సన్నటి బీట ఉంటే గిరాకీ చూడకపోయినా తనే చూపించి పక్కన పడేసేది. బొమ్మ కోసం పోయిన నేను ఆ చేతులు చూస్తూ కూర్చుండిపోయేవాణ్ని.

పెళ్లికాని పిల్లవాడు వారం వారం గాజులు కొంటున్న సంగతి ఎన్నాళ్లని దాగుతుంది? బజారునుంచి బస్సుకెక్కింది, ఒక కండక్టరు నోటినుంచి ఇంకో కండక్టరు చెవిలో పడి, చివరికి మా బాపు దగ్గర దిగింది. బాపు అమ్మకు చెప్పాడు. అమ్మ నా ట్రంకుపెట్టె తెరిచింది. మరుసటి శనివారం నేను గాజులవ్వ దుకాణంలో స్టూలుమీద కూర్చుని ఉండగా, గడపలో అమ్మ నిలబడి ఉంది, చేతిలో సవరం.

"ఎవల్రా ఆ పిల్ల?" అంది.

నేను స్టూలుమీంచి లేచాను. అమ్మ నన్ను వదిలి గాజులవ్వ వైపు తిరిగింది. "అవ్వా, నీ దుకాణంలనే కొంటున్నడట. నీకు తెలువకుండ ఉండదు. ఎవలికోసం?"

గాజులవ్వ తొణకలేదు. గాజుల తీగతో పైకప్పు వైపు చూపించింది. "అగో, గా గొంగడి కప్పుకున్నోనికోసం."

అమ్మ పైకి చూసింది. నన్ను చూసింది. మళ్లీ పైకి చూసింది. చేసేది లేక నేను బట్టల క్లిప్పులనుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను. వినడం అయ్యాక అమ్మ గడపమీద కూలబడి, సవరం ఒళ్లో పెట్టుకుని, "ఎవతో పిల్లున్నదని నేను నాలుగు దినాలసంది నిద్రపోలేదు. పిల్లయినా బాగుండుగదరా" అంది.

గాజులవ్వ ఆమెకు మంచినీళ్లిచ్చింది. అమ్మ తాగి, కొంచెం తేరుకుని, "అవ్వా, పిలగాడు గింత పానం పెట్టుకున్నడు. ఒక్కటి ఇయ్యరాదు?" అని అడిగింది. నాకోసం అమ్మ అడుగుతుందని నేను అనుకోలేదు.

అప్పుడు చెప్పింది గాజులవ్వ, నాకు నాలుగు నెలల్లో చెప్పనిది. ఇరవై ఏళ్ల కింద నస్రుల్లాబాద్‌నుంచి ఒక బొమ్మల ఏజెంటు వచ్చేవాడట, మోటారుసైకిలు వెనక డబ్బాలు కట్టుకుని. ఆమె మంచోళ్ల బొమ్మలు అడిగితే పొరపాటున డబ్బానిండా చెడ్డోళ్లను దించాడు. ఇవి ఎవరు కొంటారు, తీసుకుపొమ్మంటే, "ఇయ్యాల బండిమీద జాగ లేదక్కా, భద్రంగ ఉంచు, మల్లొచ్చినప్పుడు నేనే తీస్కపోత" అన్నాడు. సరే ఉంచుతానంది. అతను మళ్లీ రాలేదు.

"ఇరవై ఏండ్లాయె గదవ్వా. ఇంకేమొస్తడు?" అన్నాను.

"వస్తడో రాడో వాని ఇష్టం బిడ్డ. ఉంచుత అన్నది నేను" అంది ఆమె. "మంది సొమ్ము ఎట్లమ్ముత?"

అమ్మ లేచి, కొంగు సర్దుకుని, "ఇంక ఆమెను సతాయించకు. పోయి ఆ మనిషిని దేవులాడు" అంది నాతో. మగవాళ్లు నాలుగు నెలలు ఆలోచించినా తట్టనిది ఆడవాళ్లకు మంచినీళ్లు తాగేలోపు తడుతుంది.

ఆదివారం నస్రుల్లాబాద్ పోయాను. బొమ్మలమ్మిన ఏజెంటు అని అడిగితే ఎవరూ చెప్పలేదు గాని, మోటారుసైకిలు మీద డబ్బాలు అనగానే హోటలాయన చెయ్యి చాపి చూపించాడు. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారుతున్న మడిలో, మోకాళ్లదాకా బురదలో, చేతిలో పారతో నిలబడి ఉన్నాడు అతను. యాభై అయిదేళ్ల మనిషి. నేను ఎల్లారెడ్డి, గాజులవ్వ, డబ్బా అని చెప్పుకుంటూ పోతుంటే మొదట ఏమీ గుర్తు రాలేదు. "ఆ యాడాదే ఏజెంటు పని బందు వెట్టి ఎవుసం వట్టిన" అన్నాడు. ఆమె ఇంకా అవి అమ్మకుండా ఉంచిందని చెప్పాక పార గట్టుకు ఆనించి, కాలువలో చేతులు కడుక్కుని, గట్టుమీద కూర్చున్నాడు.

"నన్నే తీస్కొమ్మన్నవని అవ్వకు చెప్తే సాలదా కాకా?" అన్నాను, నా ఆత్రం నాది.

"సాలదు. తీస్కపోత అన్నది నేను గద" అన్నాడు. అచ్చం ఆమె మాటలాగే ఉంది.

ఆ శనివారమే తెల్లచొక్కా తొడుక్కుని, చేతిసంచిలో పచ్చి పల్లికాయ తీసుకుని వచ్చాడు. అమ్మ కూడా వచ్చింది, తను లేకుండా జరగనివ్వనంది. గాజులవ్వ అతన్ని ఎగాదిగా చూసి, "జుట్టు నెరిసింది తమ్మీ" అంది, అంతే. నన్ను స్టూలెక్కించి అట్టలన్నీ దింపించింది. ఒక్కొక్కటీ కొంగుతో తుడిచి అతని ముందు పేర్చింది. పదకొండు.

తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని, మొదటిసారి తల దించుకుంది. "పన్నెండుండె. ఒకటి లేదు. గా నీళ్లల్ల ఈదేటోడు. ఒక పిల్లకు జెరమొచ్చి గాజులేసుకోనని ఒకటే ఏడుపు. ఊకోవెట్టనీకె ఇచ్చిన. నిన్ను అడగకుండ ఇచ్చిన. తప్పాయె."

ఆ పెద్దమనిషి పల్లికాయ సంచి ఆమె ముందు పెట్టి, కింద కూర్చున్నాడు. "అక్కా, నేను ఎన్ని ఊర్లల్ల ఎన్ని మాటలిచ్చి మర్షిపోయిన్నో. ఇంకెన్ని దుకాండ్లల్ల ఎవలెవలు ఎదురుసూస్తున్నరో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ కూడా తుడుచుకుంది. నేను గొంగడి దొరను చూస్తున్నట్టు తల తిప్పుకున్నాను.

పదకొండు అట్టలూ డబ్బాలో సర్ది అతను నా చేతిలో పెట్టాడు. డబ్బేమైనా తీసుకొమ్మంటే వద్దన్నాడు. ఈ సందట్లో అమ్మ, ట్రంకుపెట్టెలోని గాజులూ సవరమూ తిరిగి ఇచ్చేద్దామని తెచ్చిన మూట విప్పింది. గాజులవ్వ ముట్టుకోలేదు. "అమ్మిన సరుకు వాపసు తీస్కోను బిడ్డ. కోడలొస్తది గద, పెట్టుకుంటది" అంది.

సాయంత్రం బస్సులో అమ్మకు కిటికీ పక్క సీటు దొరికింది, నాకు దొరకలేదు. దారిపొడవునా డబ్బా గుండెకు ఆనించుకుని నిలబడ్డాను. కండక్టరు టికెట్ చించుతూ "ఏముంది దాంట్ల?" అని అడిగితే, అమ్మ నాకంటే ముందే, "చెడ్డోళ్లు" అని చెప్పింది. అతను ఒకసారి డబ్బాను, ఒకసారి నన్ను చూసి, ఇంకేమీ అడగలేదు.

ఇప్పుడు అలాంటి బొమ్మలు ఫోనులో వెతికితే ఇంటికే వస్తాయి. కొన్ని తెప్పించుకున్నాను కూడా, అట్ట విప్పిన మరునాటికే వాటి ముఖాలు మరిచిపోయాను. చెమట పట్టిన ఇస్త్రీ చొక్కాలో, కుదుపు వచ్చినప్పుడల్లా తను పడిపోయినా సరే డబ్బా పడకూడదని రెండు చేతులూ దానికే ఇచ్చేసి, కామారెడ్డిదాకా ఊగుతూ నిలబడ్డ ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక, వాడిమీద కొంచెం అసూయ కూడా పుడుతుంది.