రాయి నేల కాదు

మా బావ పోయిన కబురు అక్కే ఫోన్ చేసి చెప్పింది. "ఒరేయ్, మీ బావ పోయాడురా. పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు, అంతే. నువ్వొచ్చిందాకా తీయరు. దింపుడు కళ్లం కాడ చెవిలో నువ్వే పిలవాలంట. ఆయనే చెప్పిపెట్టాడు" అంది. నేనెందుకు అన్నాను. "'వాడు పిలిస్తే లేచినా లేస్తా, పోట్లాటకి' అన్నాడురా" అని, అప్పుడు ఏడ్చింది.

ఈ ఆచారం తెలియని పాఠకులు ఉండవచ్చు. శ్మశానానికి పోయే దారిలో ఒకచోట పాడె దించి, అయినవాళ్లు పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఇంకా ఏ కాస్త ప్రాణమున్నా పలుకుతాడని ఆశ. ఆ చోటునే దింపుడు కళ్లం అంటారు. మా బావ ఆ పిలుపు నాకు వదిలిపెట్టి వెళ్లాడంటే ప్రేమ కొద్దీ అనుకునేరు. మా ఇద్దరి మధ్య ఒక తగవు మిగిలిపోయింది. దాన్ని తేల్చుకోమని పిలిచాడు.

పెద్దకర్మ నాడు మైకు పట్టుకున్న నాయకుడొకరు ఆయన్ని మితభాషి, మృదుస్వభావి, అజాతశత్రువు అన్నాడు. ముందు వరసలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. మితభాషా? ఆయన బెల్లంకొండలో "ఒరేయ్" అంటే క్రోసూరులో ఎవడో ఒకడు వెనక్కి తిరిగి చూసేవాడు. అజాతశత్రువా? మరి నేనెవర్ని? మనిషి పోయిన పదకొండో రోజుకే ఆయన్ని చెరిపేసి ఆ స్థానంలో ఒక ఫ్లెక్సీ కట్టేశారు. దాన్ని చించటానికే ఇది రాస్తున్నాను.

నేను నరసరావుపేటలో లైబ్రరీ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. బావ క్వారీలకు లారీలు తిప్పాడు, మిరప వేశాడు, ఒకసారి సర్పంచిగా నిలబడి ఓడిపోయాడు. ఓడానని మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు. "జనం నాకే ఏశారు, లెక్కపెట్టినోళ్లకి లెక్కలు రావు" అనేవాడు. ఆయన గుణమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

నేను రిటైరయ్యాక ఒకనాడు ఊరికే, ఈ పల్నాడంతా సైకిలు మీద చుట్టి రావాలని ఉంది బావా అన్నాను. వాకింగ్‌లో ఇదే మాట అంటే మిత్రులంతా మోకాళ్ల గురించి ఉపన్యాసాలిచ్చారు. వాళ్లలో సగం మంది ఇవాళ పార్కు బెంచీ దాకా కూడా రారు, అది వేరే సంగతి. బావ మాత్రం "ఎప్పుడు?" అన్నాడు. అదొక్కటే అడిగాడు. అడిగినందుకు ఆయనకు నేను చెప్పని కృతజ్ఞత ఇప్పుడు చెబుతున్నాను.

శివరాత్రి ఇంకా దగ్గరపడని రోజులు. గేర్లు లేని పాత సైకిళ్లు, వెనక క్యారియర్లు. ఆయన క్యారియర్ మీద ఆవకాయ జాడీ, దుప్పటి, వేయించిన వేరుశనక్కాయల సంచి. నా క్యారియర్ మీద మూడు పుస్తకాలు. ఆయన వాటిని చేత్తో బరువు చూశాడు. "ఎక్కుడులో ఇయ్యి నిన్ను నెడతయ్యా బామ్మర్దీ?" అన్నాడు. ప్రయాణం మొత్తంలో నేను ఒక్క పేజీ చదవలేదు. ఆయన మాత్రం అందులో లావుపాటిది రోజూ తల కింద పెట్టుకుని పడుకుని, పుస్తకం చానా బాగుందన్నాడు.

కోటప్పకొండ దగ్గర ఆగాం. ఘాట్ రోడ్డు ఎక్కుదామా అంటే, "దేవుడితో పందేలొద్దు, కిందనుంచే దణ్ణం పెట్టు" అన్నాడు. నాతో పందెం మాత్రం అక్కడే కట్టాడు. దారిలో ఏ ఎక్కుడులో అయినా ఎవరు ముందు సైకిలు దిగితే వాళ్లు ఓడినట్టు. ఓడినవాడు ఇంట్లో జరిగే ప్రతి పెళ్లిలోనూ పందిట్లో నిలబడి "నేను దిగాను" అని చెప్పాలి. దిగటమంటే ఏమిటి అని అడిగాను. చదువుకున్నవాణ్ణి కదా, నిర్వచనం కావాలి. "కాలు నేలకి ఆన్తే దిగినట్టే" అన్నాడు. త్రికోటేశ్వరుడు సాక్షి.

వినుకొండ దాటాక రోడ్డు కొండల్లో పడుతుంది. మన ప్రాంతాన్ని బస్సులో చూసినవాళ్లు రాళ్లూ ఎండా తప్ప ఏముంది అంటారు. వాళ్లను సైకిలు ఎక్కించాలి. ఒక మిట్ట ఎక్కేసరికి అవతల కనుచూపుమేర కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. దిగుడులో గాలి ఎదురొచ్చి ఆ ఘాటంతా మా ముక్కుల్లో దూరింది. ఇద్దరం తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ, బ్రేకులు పట్టటం మరిచిపోయి దిగాం. బావ రెండు కాళ్లూ పెడళ్ల మీంచి తీసి చాచి, పెద్దగా కేకవేశాడు. అరవై దాటిన మనిషి. ఆ కేకకు కొంగలు లేచాయి. నేను లోకంలోని ప్రయాణ గ్రంథాలు చాలా చదివాను. మహా యాత్రికులంతా తమ ఆకలి, తమ జ్ఞానోదయం రాసుకున్నారు. పక్కవాడు తుమ్ముతూ నవ్వుతుంటే కలిగే సంతోషం గురించి ఒక్కడూ రాయలేదు.

ఆ సాయంత్రం ఒక కళ్లంలోనే దిగాం. కాయలు ఏరుతున్న రైతు మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "ఏంది పెద్దాయనా, బండ్లో పెట్రోలు అయిపోయిందా?" అని అడిగాడు.

"పెట్రోలు కాదయ్యా, మా బామ్మర్దికి బుద్ధి అయిపోయింది. ఊరికే వదిలితే ఎటన్నా పోతాడని ఎనకమాల వస్తన్నా."

"ఎనకమాల కాదు, ముందు వస్తున్నాడు" అన్నాను నేను.

"అయితే ఇద్దరికీ అయిపోయినట్టే" అని ఆ రైతు మాకు అన్నం పెట్టించాడు. మా ఆవకాయ ఆయన రుచి చూసి, కారం సరిపోలేదన్నాడు. ఆ మాటకు బావ మర్నాడు మధ్యాహ్నం దాకా కోపంగానే ఉన్నాడు.

ఆయనకు దూరాలు తెలియవు. తెలిసినట్టు చెప్పేవాడు. ప్రతి మిట్ట దగ్గరా "ఇదే ఆఖరి ఎక్కుడురా, దీని తర్వాతంతా దిగుడే" అనేవాడు. ఎక్కాక ఇంకోటి కనపడేది. "ఇది నిన్న లేదే" అనేవాడు. ఆ అబద్ధం మీదే నేను మాచర్ల చేరాను. నిజం చెప్పేవాళ్లతో వెళ్లుంటే వినుకొండలో బస్సెక్కేవాణ్ణి.

ఇక తగవు సంగతి. మాచర్ల దాటి సాగర్ వైపు కొండల్లో ఒక ఎక్కుడు. ఎండ నెత్తి మీద. బావ ముందున్నాడు. ఆయన సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. ఎదురుగా కిలోమీటరు రాయి. దాని దగ్గరికి వెళ్లేసరికి సైకిలు ఆగింది. ఆయన సీటు మీదే కూర్చుని, ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు ఆ రాయి మీద పెట్టి రొప్పుతున్నాడు.

నా జన్మలో అంత ఆనందం ఎరగను. "దిగావు!" అని అరిచాను.

"యాడ దిగా? కాలు రాయి మీదుంది."

"రాయి నేల మీదుందిగా!"

"మంచం కూడా నేల మీదుంటది. మంచం మీద పడుకున్నోణ్ణి నేల మీద పడుకున్నాడంటారా? రాయి నేల కాదు. నేల దున్నేది, రాయి పగలగొట్టేది. నేలకి పట్టా రైతు పేరున ఉన్నా కింద రాయికి లీజు సర్కారు దగ్గర తీసుకోవాల. ఏ కోర్టుకన్నా పోయి అడుగు. రెండూ ఒకటైతే నేను ఇన్నాళ్లు ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరిగా?"

"ఇది క్వారీ కాదు బావా, రోడ్డు!"

"సరే, అది వదిలెయ్. నీ కాలు యాడుంది?"

చూసుకున్నాను. నా రెండు కాళ్లూ తారు మీద ఉన్నాయి. సైకిలు పక్కన పడి ఉంది. పుస్తకాలు దుమ్ములో ఉన్నాయి. ఆయన దిగాడని నిరూపించటానికి నేను ఎప్పుడు దిగానో నాకే తెలియదు.

"నేను ఎక్కలేక దిగలేదు. నీతో మాట్లాడటానికి దిగాను."

బావ రాయి మీద కాలు తీయకుండానే నవ్వాడు. "అదేరా నేననేది. నువ్వు ఎక్కుడుకి దిగలా. వాదనకి దిగావు. దిగటం మాత్రం దిగావు."

మేకలు తోలుకుపోతున్న ఒకామె అక్కడ నిలబడి ఇదంతా వింటోంది. న్యాయం చెప్పమని ఇద్దరం ఆమెనే అడిగాం. "ఎవురు దిగితే ఏంది తాతా? దోవకి అడ్డం లెగండి, మేకలు పోవాల" అంది. అంతకంటే మంచి తీర్పు ఇప్పటిదాకా రాలేదు.

సాగర్‌లో నీళ్లు చూశాం, చేపలు తిన్నాం, గురజాల మీదుగా తిరిగొచ్చాం. దారంతా వాదనే. బెల్లంకొండ వైపు ఆయన ఊరు చేరి, ఇంటి ముందుకొచ్చాక కూడా ఎవరూ దిగలేదు. ముందు దిగినవాడు ఓడినట్టవుతుందేమోనని ఇద్దరం వాకిట్లో గుండ్రంగా తిరుగుతున్నాం. వీధి వీధంతా చేరింది. అక్క చేట పట్టుకుని బయటికొచ్చింది. "దిగండెహె! ముసలోళ్లకి సిగ్గుండక్కర్లా!" అని చేట కింద పడేసి, ఒక చేత్తో ఆయన హ్యాండిల్, ఒక చేత్తో నా హ్యాండిల్ పట్టి ఆపేసింది. ఆమె మధ్యలో, మేం చెరోవైపు.

ఆ తర్వాత జరిగిన పెళ్లిళ్లలో ఆయన నన్ను లేచి నిలబడమనేవాడు. నేను ఆయన్నే లేవమనేవాణ్ణి. పెళ్లికొడుకులు మమ్మల్ని చూసి తాళి కట్టటం మరిచిపోయేవారు. నాకు చాలామందితో పేచీలున్నాయి. నేను చెప్పింది నచ్చకపోతే వాళ్లు తలూపి, నవ్వి, వెళ్లిపోతారు. నన్ను మనిషిగా లెక్కపెట్టి, నిలబడి, గొంతు చించుకుని కాదన్నవాడు ఈయనొక్కడే. ఈ ముసలితనంలో అంత గౌరవం నాకింకెవరూ ఇవ్వలేదు.

అందుకే ఆరోజు పాడె వెనక నడుస్తూ, చెవిలో చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకున్నాను. మూడు పిలుపులు. మూడో పిలుపులో "నువ్వే ముందు దిగావు, ఒప్పుకో" అంటాను. కాదంటే లేవాలి. లేస్తే సంతోషం. లేవకపోతే గెలుపు నాది. లోపల ఎక్కడో నిజంగానే లేస్తాడనుకున్నాను. దింపుడు కళ్లం ఆశ అని ఊరికే అనలేదు.

ఊరి చివర పాడె దించారు. "దించాం బాబాయ్, పిలువు" అన్నాడు మోసినవాళ్లలో ఒకడు. వంగాను. అప్పుడు కనపడింది. పాడె కింద మట్టి లేదు. వెడల్పాటి నాపరాయి పరిచి ఉంది.

"ఈ బండేంది?" అన్నాను.

"ఆయనేయించిందేగా. ఈడ వానొస్తే బురదవుద్దని, పోయినేడు లారీలో తెచ్చి ఏపిచ్చాడు."

బురద కోసమే వేయించాడో, నా కోసమే వేయించాడో దేవుడికి తెలియాలి. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. చుట్టూ ఉన్నవాళ్లు దుఃఖంతో మతి చలించిందనుకుని నా భుజాలు పట్టుకున్నారు. వాళ్లను విదిలించుకుని ఆయన చెవి దగ్గరికి వంగాను. బావా అన్నాను. బావా అన్నాను. మూడోసారి, సిద్ధం చేసుకున్న మాట వదిలేసి, "దిగలేదులే బావా, పద" అన్నాను.

వాళ్లు మళ్లీ భుజాలకెత్తుకున్నారు. అక్కడినుంచి శ్మశానం దాకా మిట్ట. మోసేవాళ్లు రొప్పుతున్నారు, భుజాలు మార్చుకుంటున్నారు. నేను వెనకబడి, బండ పక్కన మట్టిలో నిలబడి చూశాను. ఆ ఎక్కుడులో ఆయన, సైకిలు మీద ఊగినట్టే, అటూ ఇటూ ఊగుతూ పైకి పోతున్నాడు.