రెండో వేలు ఏది?

1997 జూన్‌లో నాకు పదోన్నతి ఇచ్చి హిందూపురం బ్రాంచికి వేశారు. హోదా అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్. ఆఫీసు వాడుకలో ఏఏఓ. సాధారణ బీమా కంపెనీలో అధికారుల వరస మొదలయ్యేది అక్కడే. అంతకు ముందు తొమ్మిదేళ్లు అనంతపురం డివిజనల్ ఆఫీసులో మోటారు విభాగంలో గుమాస్తాగా ఉన్నాను. లారీ ముందు అద్దానికి ఎంత, బంపరుకు ఎంత, పాతబడినందుకు ఎంత తగ్గించాలి అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. హిందూపురంలో క్లెయిముల సీటు ఇచ్చారు. లారీలతో పాటు మనుషులూ నా బల్ల మీదికి రావడం అక్కడే మొదలైంది.

వ్యక్తిగత ప్రమాద బీమాలో ఏ అవయవానికి ఎంత ఇస్తారని ఇప్పటికీ పెళ్లిళ్లలో, బస్సుల్లో జనం నన్ను అడుగుతుంటారు. అడిగేటప్పుడు కాస్త ముందుకు వంగి గొంతు తగ్గిస్తారు. అందులో రహస్యమేమీ లేదు. పాలసీ వెనకే అచ్చు వేసిన పట్టిక ఉంటుంది. మనిషి ఎంత మొత్తానికి బీమా చేసుకున్నాడో అందులో నూటికి ఇంత అని లెక్క. ప్రాణం పోతే నూరు. రెండు కళ్లు పోయినా, రెండు చేతులో రెండు కాళ్లో పోయినా నూరే. ఒక కన్ను, ఒక చెయ్యి లేదా ఒక కాలు అయితే యాభై. అక్కడి నుంచి పట్టిక కిందికి దిగుతూ వేళ్ల దాకా వస్తుంది. మేము వాడిన పట్టికలో బొటనవేలు మొత్తానికి ఇరవై ఐదు, పై కణుపు ఒక్కటే అయితే పది. చూపుడువేలు మూడు కణుపులూ పోతే పది, రెండు పోతే ఎనిమిది, ఒకటి పోతే నాలుగు. మధ్యవేలికి అదే వరసలో ఆరు, నాలుగు, రెండు. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఇంకా కొంచెం కింద.

పట్టిక ఇంత స్పష్టంగా ఉన్నాక తప్పు ఎలా జరుగుతుందని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆ ఏడాది నవంబరులో ధర్మవరం నుంచి ఒక క్లెయిము వచ్చింది. అక్కడి ఒక చేనేత సంఘం తన సభ్యులందరికీ కలిపి మా దగ్గర గ్రూప్ పాలసీ తీసుకుంది. ఆ సభ్యుల్లో కుళ్లాయప్ప ఒకడు. నలభై ఏళ్ల మనిషి. అక్టోబరులో సోమందేపల్లి దగ్గర అత్తగారి ఊరికి పోయి, వేరుశనగ కాయలు ఒలిచే మిషను బెల్టులో కుడిచేతి వేలు ఇరికించుకున్నాడు. పెనుకొండలో ఒక ప్రైవేటు డాక్టరు కట్టు కట్టి సర్టిఫికెట్ ఇచ్చాడు. అందులో ఇంగ్లీషులో ఉన్న ముఖ్యమైన వాక్యానికి అర్థం ఇది: కుడిచెయ్యి, రెండో వేలు, ఒక కణుపు నష్టం.

ఫారం సరిగ్గా నింపారు. సమాచారం గడువులోపలే అందింది. సంఘం కార్యదర్శి సంతకం ఉంది. మా పట్టికలో బొటనవేలు వేరుగా, దాని కింద మిగతా వేళ్లు వరసగా ఉంటాయి. ఆ వరసలో మొదటిది చూపుడువేలు, రెండోది మధ్యవేలు. నేను “మధ్యవేలు, ఒక కణుపు, రెండు శాతం” అని నోటు రాసి మేనేజరు రంగస్వామి గారి బల్ల మీద పెట్టాను. ఆయన సంతకం చేశారు. జనవరిలో అదే మాట రాసిన డిశ్చార్జి వోచరు టపాలో పంపాం. “ఈ మొత్తంతో నా క్లెయిము పూర్తిగా, చివరిగా తీరిపోయింది” అని హక్కుదారు సంతకం చేసి తిప్పి పంపే కాగితం అది. అది వచ్చాకే చెక్కు కదులుతుంది.

వోచరు తిరిగి రాలేదు. ఫిబ్రవరిలో మనిషే వచ్చాడు, వెంట భార్య లక్ష్మీదేవమ్మ. మడతలు నలగకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొచ్చిన వోచరు తీసి నా ముందు పెట్టాడు. సంతకం చోటు ఖాళీగా ఉంది. ఎక్కడ చెయ్యాలో తెలియలేదేమోనని వేలు పెట్టి చూపించాను.

“సంతకం పెట్టేదానికి రాలేదు మేడమ్,” అన్నాడు. “ఏ వేలికి ఇస్తాండారో అడిగిపోదామని వచ్చినా.”

ఫైలు తిప్పి, “మధ్యవేలికి,” అన్నాను.

అతను కుడిచెయ్యి బల్ల మీద చాపి పెట్టాడు. మధ్యవేలు గోరుతో సహా నిక్షేపంగా ఉంది. దాని పక్కన చూపుడువేలు మాత్రం అరచేతిని ఆనుకుని ఒక్క కణుపు మిగిలి, అక్కడే ఆగిపోయింది.

“ఇది ఏ వేలు మేడమ్?”

తొమ్మిదేళ్ల సర్వీసులో అంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. జవాబు వెతుక్కుంటున్నట్టు మళ్లీ ఫైలు చూశాను. ఫైల్లో పోయింది ఒక కణుపు, బల్ల మీద పోయినవి రెండు. ఫైల్లో ఒక వేలు, బల్ల మీద ఇంకో వేలు.

లక్ష్మీదేవమ్మ అందుకుంది. “ఈదిలో అందరూ, వచ్చేదాన్ని ఎందుకు కాలదన్నుకుంటావప్పా, సంతకం పెట్టి తెచ్చుకోపో అనిరి. నేనే వద్దంటి. యాడనో లెక్క తప్పిండాది, పోయి అడుగుదాం రా అని పిల్చుకొస్తి.”

“ఎక్కువా తక్కువా అని కాదు మేడమ్,” అన్నాడు కుళ్లాయప్ప. “ఈ కాగితంలో నా మధ్యవేలు పోయినట్ల రాసినారు. అది ఉండాది. దాంతోనే ఇప్పుడు పని నేర్చుకుంటాండా. రేపు నిజంగానే దానికి ఏమన్నా అయితే, ముందే ఇచ్చేసినాం పొమ్మంటారు గదా?”

మా పద్ధతుల ప్రకారం అతని మాట అక్షరాలా నిజం. ఒకసారి పరిహారం ఇచ్చిన అవయవానికి మళ్లీ ఇవ్వం. సంతకం పెట్టి ఉంటే పోయిన వేలికి పరిహారం రాదు, ఉన్న వేలికి బీమా ఉండదు. ఈ సంగతి బీమా ఆఫీసులో జీతం తీసుకునే నాకు తట్టలేదు. అతనికి తట్టింది.

రెండో కణుపు సంగతి అడిగితే చెప్పాడు. పెనుకొండలో కట్టిన కట్టు కింద చీము పట్టింది. డిసెంబరులో ధర్మవరంలో సర్జను ఇంకో కణుపు తీసేశాడు. మాకెందుకు తెలియజేయలేదని అడిగాను. “మీరు అడగలా మేడమ్. కాగితం పంపించినాం గదా, అయిపాయ అనుకుంటిమి,” అన్నాడు.

వాళ్లను కూర్చోబెట్టి రంగస్వామి గారి గదిలోకి వెళ్లాను. నోటు రాసింది నేనే, తప్పు నాదే అని ముందే చెప్పేశాను. ఆయన మంచి మనిషి, కానీ ఆడిట్ అంటే ఆయనకు వణుకు. తేల్చేసిన ఫైలు మళ్లీ తెరవాలంటే బ్రాంచికి అధికారం లేదు, డివిజన్ అనుమతి కావాలి, డివిజన్ వంద ప్రశ్నలు వేస్తుంది అన్నారు. చివరికి, “వోచరు సంతకం కాలేదు కదా, ఇంకా పూర్తిగా మునగలేదు. మీరే వెళ్లి చూసి, అన్నీ కాగితం మీద పెట్టండి,” అన్నారు.

మర్నాడే పాసింజరు రైల్లో బయల్దేరి ముందు పెనుకొండలో దిగాను. డాక్టరు ముందు చిరాకు పడ్డాడు. తర్వాత తన చెయ్యే పైకెత్తి, “బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు,” అని లెక్కపెట్టి చూపించాడు. బొటనవేలిని కలపకుండా లెక్కపెట్టామని చెప్పాను. “మా లెక్కలో చేతికి ఐదు వేళ్లమ్మా. మీ ఆఫీసులో నాలుగేనా?” అన్నాడు. నవ్వు రాలేదు కానీ, ఆ మాట లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వమన్నాను. “నా సర్టిఫికెట్‌లో రెండో వేలు అంటే చూపుడువేలు” అని మూడు ముక్కల్లో రాసి ముద్ర వేసి ఇచ్చాడు.

ధర్మవరంలో సర్జను దగ్గర ఆపరేషన్ వివరాలు, ఎక్స్-రే తీసుకుని కుళ్లాయప్ప ఇంటికి వెళ్లాను. క్లెయిము ఫారంలో వృత్తి దగ్గర “చేనేత” అని మాత్రమే ఉంది. అతను నేసేవాడు కాదని అక్కడికి వెళ్లాక తెలిసింది. అతని పని పడుగులు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతకడం. మగ్గం మీద ఒక పడుగు అయిపోయాక, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కలపాలి. జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని, పాత పోగునూ కొత్త పోగునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క మెలి తిప్పుతారు. అలా వేల పోగులు. మగ్గాల వాళ్లు పిలిస్తే అతను ఇల్లిల్లూ తిరిగి ఆ పని చేసేవాడు. ఒకప్పుడు రేడియోలో పాట వింటూ, పక్కవాళ్లతో మాట్లాడుతూ, వేళ్ల వైపు చూడకుండానే అతికేవాడట.

నేను వెళ్లేసరికి పక్కింటి మగ్గం ముందు కూర్చుని మధ్యవేలితో ప్రయత్నిస్తున్నాడు. నాలుగు మెలికలకు ఒకటి ఊడిపోతోంది. ఊడినప్పుడల్లా మళ్లీ మొదలుపెడుతున్నాడు. పక్కన కూర్చున్న లక్ష్మీదేవమ్మ మిగతా సగం తాను అతుకుతోంది. అంతకు ముందు ఆమెకు ఈ పని రాదట. భర్త చెయ్యి కట్టులో ఉండగా నేర్చుకుంది. “మెలి తిప్పేది కాదు మేడమ్ కష్టం, ఈయప్ప నోటికి తట్టుకునేదే కష్టం,” అంది. కుళ్లాయప్ప నవ్వాడు.

బీమా ఆఫీసు నుంచి మేడమ్ వచ్చిందని తెలిసి ఇరుగుపొరుగు నేతగాళ్లు చేరారు. పట్టిక చదివి వినిపించమన్నారు. వినిపించాను. వినేకొద్దీ ప్రతివాడూ తన చెయ్యి తాను చూసుకోవడం మొదలుపెట్టాడు. చూపుడువేలికి పదేనా, అది లేకుంటే తమకు చేతిలో సగం లేనట్టే అని ఒకరన్నారు. సంతకం పెట్టే ఆఫీసరుకూ, పోగు అతికే వాడికీ ఒకే రేటా అని ఇంకొకరు అడిగారు. ఒకటేనని చెప్పాను. ఈ పట్టిక అవయవానికి వెల కడుతుందే గాని, ఆ అవయవం చేసే పనికి కాదు. సంగీతం వాయించే వేలికీ జేబులో పడుకునే వేలికీ అదే శాతం.

మూలన కూర్చున్న ముసలాయన ఒకరు తన ఎడమ కాలు ముందుకు చాపారు. బొటనవేలి పక్క వేలు లేదు. “దీనికెంతమ్మా?” అన్నారు.

నిబంధన ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాలి బొటనవేలు కాక మిగతా వేళ్లలో ఒకటి కన్నా ఎక్కువ పోతేనే ఒక్కోదానికి ఒక శాతం. ఒక్కటే పోతే ఏమీ లేదు.

“అంటే ఇంగోటి పోగొట్టుకుంటేనే మొదటిదానికీ లెక్కా?”

“అవును తాతా.”

“వద్దులేమ్మా,” అని ఆయన కాలు వెనక్కి లాక్కున్నారు. ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నిబంధన అంతకు ముందు చాలాసార్లు చదివాను గానీ, ఒక మనిషి కాలు ఎదురుగా పెట్టుకుని చదవడం అదే మొదటిసారి.

బయల్దేరే ముందు ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. కుళ్లాయప్పను దాని మీద కుడిచెయ్యి పెట్టమని, చుట్టూ పెన్సిలుతో గీశాను. పోయిన రెండు కణుపులూ ఎంతవరకు ఉండేవో చుక్కలతో గుర్తుపెట్టాను. ప్రతి వేలి మీద తెలుగులో దాని పేరు రాశాను. కింద అతను సంతకం చేశాడు. ఎడమచేత్తో మెల్లగా, అక్షరం అక్షరం చూసుకుంటూ చేశాడు.

డివిజన్ నుంచి వంద ప్రశ్నలు రాలేదు, ఒకటే వచ్చింది. రెండో కణుపు పోయింది ప్రమాదం వల్లా, గాయాన్ని నిర్లక్ష్యం చేసినందువల్లా? పాలసీ మాట ప్రకారం ప్రమాదమే ప్రత్యక్ష కారణమై, పన్నెండు నెలల లోపల నష్టం జరగాలి. ఆపరేషన్ రెండు నెలలకే జరిగింది. చీము పట్టింది అదే గాయానికేనని సర్జను రాసిచ్చాడు. అయినా అనంతపురంలో కంపెనీ డాక్టరు ముందు హాజరు కమ్మన్నారు. కుళ్లాయప్ప వెళ్లి వచ్చి, “ఆయప్ప కూడా లెక్కపెట్టినాడు మేడమ్. రెండు తూర్లు,” అని చెప్పాడు.

ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. చూపుడువేలు, రెండు కణుపులు, ఎనిమిది శాతం. ఈసారి అతను వోచరు రెండుసార్లు చదివించుకుని మా ఆఫీసులోనే సంతకం పెట్టాడు. తప్పు నోటు రాసినందుకు నా దగ్గర వివరణ తీసుకుని ఫైల్లో పెట్టారు. అంతకు మించి ఏమీ జరగలేదు.

ఆ ఎనిమిది శాతంతో అతని పని తిరిగి రాలేదు. అది వచ్చింది మధ్యవేలి వల్లే. 2003లో ఇంకో క్లెయిము మీద ధర్మవరం వెళ్లినప్పుడు ఒక మగ్గాల ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని అతుకుతూ కనిపించారు. మునుపటి వేగం వచ్చిందా అని అడిగాను. “యాడ మేడమ్, ముప్పాతిక వచ్చింటాది,” అన్నాడు. లక్ష్మీదేవమ్మ తల ఎత్తకుండానే, “మిగిలింది నేను చేస్తాండా గదా,” అంది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నేను పనిచేసిన ప్రతి బ్రాంచిలోనూ వేళ్ల క్లెయిము వస్తే, సర్టిఫికెట్‌తో పాటు చేతి బొమ్మ గీసి ఫైల్లో పెట్టించాను. ఏ సర్క్యులరూ అలా చెయ్యమనలేదు. ఆడిట్ వాళ్లు ఒకసారి ఇదేమిటని అడిగి, చెప్పాక తలూపి వెళ్లిపోయారు. ఏ అవయవానికి ఎంత అన్నది పాలసీ చెబుతుంది, దాన్ని మార్చే అధికారం నా స్థాయిలో లేదు. పోయింది ఏదో తెలుసుకోవడం మాత్రం పూర్తిగా నా పని. దానికి సర్టిఫికెట్ చదివితే చాలదు, మనిషిని చూడాలి.