రెండో సీసా బర్బన్

జగిత్యాల జిల్లాగా ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను ఒక పని మీద అక్కడికి పంపారు. అప్పుడు నేను హైదరాబాద్ శివార్లలోని ఒక మద్యం కంపెనీలో సీనియర్ బ్లెండర్‌ని. పీపాల్లో మాగిన రకరకాల స్పిరిట్లను వాసన చూసి, రుచి చూసి, ఏది ఎంత పాళ్లలో కలపాలో నిర్ణయించేవాడిని బ్లెండర్ అంటారు. తాగడం ఆ ఉద్యోగంలో లేదు. రుచి చూసిన ప్రతి గుక్కనూ ఉమ్మేయాలి.

కోరుట్లలో నర్సయ్య అనే వ్యాపారి గోదాములో ఎక్సైజ్ వాళ్లకు ఒక పెట్టె విదేశీ సీసాలు దొరికాయి. అమెరికా బర్బన్ విస్కీ, పదిహేనేళ్లు మాగింది అని లేబుల్ మీద ఉంది. నమూనాలు ప్రభుత్వ ప్రయోగశాలకు వెళ్లాయి కానీ నివేదిక రావడానికి సమయం పడుతుంది. ఈలోగా సరుకు అసలుదా కాదా, అసలుదైతే ఏ స్థాయిదో ఒక నిపుణుడు రాసిస్తే కేసుకు విలువ కట్టవచ్చని శాఖ మా కంపెనీని కోరింది.

జగిత్యాల ఎక్సైజ్ స్టేషన్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్ రజిత ఒక బల్ల ఖాళీ చేయించి ఉంచింది. నర్సయ్యను కూడా ఎదురుగా కూర్చోబెట్టారు. నలభై ఏళ్ల మనిషి, మాటలో తడబాటు లేదు.

"అసలు మాలే సార్. దుబాయ్ నుంచి అచ్చే మనిషి నాకు ఏండ్ల సంది తెలుసు. గందుట్ల నకిలీ ఉండదు" అన్నాడు.

మొదటి సీసా తీశాను. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉండే గ్లాసులో కొద్దిగా పోసి ముందు రంగు చూడాలి. బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో మాగబెడతారు. రంగు పూర్తిగా ఆ చెక్క నుంచే రావాలి, బయటి నుంచి కలపకూడదు. తర్వాత నోరు కాస్త తెరిచి వాసన పీల్చాలి. ఆ తర్వాత సమానంగా నీళ్లు కలిపి మళ్లీ పీల్చాలి. ఘాటు తగ్గాక దాగి ఉన్న వాసనలు బయటికొస్తాయి. చివరికి రుచి, ఉమ్మేశాక నోట్లో మిగిలేది. ఒక్కోదానికి మార్కులు వేసి, మొత్తం వందకు చెబుతాం.

అది నిజంగా గొప్ప సరుకు. మొదట పాకం పట్టిన బెల్లం, తర్వాత ఎండు ఖర్జూరం, అడుగున పాత బీరువా తలుపు తెరిచినప్పటి చెక్క వాసన. నోట్లో వగరు ఉంది కానీ చేదుగా మారలేదు. అన్నేళ్లు పీపాలో ఉన్న బర్బన్ చాలావరకు చెక్క కషాయంలా తయారవుతుంది, ఇది కాలేదు. తొంభై పైన మార్కులు వేశాను. నర్సయ్య రజిత వైపు చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

రెండో సీసా రంగు అచ్చంగా అదే. సాంద్రతను బట్టి ఆల్కహాల్ పాళ్లు చెప్పే హైడ్రోమీటర్ వేసి చూస్తే బలం లేబుల్ మీద రాసినట్టే ఉంది. వాసన చూశాను. వెనీలా ఉంది కానీ మిఠాయి దుకాణంలో కలిపే ఎసెన్స్ వెనీలా. దాని వెనక చెక్క లేదు. నీళ్లు కలిపితే వాసన విచ్చుకోవాల్సింది పోయి మాయమైంది. నాలుక మీద వేసుకుని ఉమ్మేశాను. మాడిన చక్కెర, దాని కింద వట్టి స్పిరిట్. ఖాళీ సీసాను మళ్లీ నింపారు.

నకిలీ అని చెప్పడంతో నా పని అయిపోవాలి. కానీ ఒక ప్రశ్న మిగిలింది. నింపినవాడు ఏ స్పిరిట్‌తో నింపాడు? తాగే ఆల్కహాల్‌కు, కారఖానాల్లో వాడే మిథనాల్‌కు సాంద్రత దాదాపు ఒకటే, హైడ్రోమీటర్ తేడా పట్టలేదు. ముక్కూ నాలుకా కూడా పట్టలేవు. మిథనాల్ మొదట కంటి చూపును, తర్వాత ప్రాణాన్ని తీస్తుంది. నోరు రెండుసార్లు కడుక్కున్నాను. ఆ కొంచెం ఏమీ చేయదని చదువు చెబుతోంది, గుండె మాత్రం వినడం లేదు.

ఈ పెట్టెలోంచి ఏమైనా అమ్మావా అని నర్సయ్యను అడిగాను.

"అమ్మలే సార్. సిరిసిల్లల మా బావకు ఒక్కటిచ్చిన. బట్ట నేసే సాంచెలున్నయి ఆయనకు. పెద్ద ఆర్డరు పని ఒడిసిందని నిన్న రాత్రి సీస ఇప్పుకుంటనన్నడు."

రజిత వెంటనే ఫోన్ అతని చేతికిచ్చి స్పీకర్ పెట్టించింది. అవతల అతని అక్క లక్ష్మి ఎత్తింది.

"అక్కా, బావ లేచిండా?"

"ఏడ లేసిండురా. కండ్ల ముంగట మంచు పడ్డట్టున్నదంటున్నడు. కడుపుల నొప్పంటున్నడు. రాత్రిది ఇంక దిగలేదేమోనని మజ్జిగిచ్చిన."

నర్సయ్య నా ముఖం చూశాడు. రజిత ఫోన్ అందుకుని, వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మని, సీసా పారబోయకుండా వెంట పట్టుకెళ్లమని లక్ష్మికి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సర్, రిపోర్ట్ లేకుండ మిథనాల్ అని ఎట్ల చెప్తం? కాకపోతే నాకూ మీకూ జవాబు ఉండది."

ఆమె భయం న్యాయమైనదే. నాకూ అదే భయం. కానీ మంచు పడ్డట్టుందన్న మాట నా చెవిలోంచి పోలేదు. సిరిసిల్ల ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌కు నేనే ఫోన్ చేసి అనుమానం చెప్పాను. ఎలా తెలుసని ఆయన అడిగాడు. తెలియదని, సీసాలో ఉన్నది బర్బన్ కాదని మాత్రమే తెలుసని అన్నాను. ఆయన, అయితే అనుమానంతోనే చికిత్స మొదలుపెడతానని, డయాలసిస్ కోసం కరీంనగర్‌కు కూడా చెప్పి ఉంచుతానని అన్నాడు.

మేం జీపులో వేములవాడ మీదుగా సిరిసిల్లకు బయలుదేరాం. నేను దారి పక్కన కనబడిన ప్రతి బోర్డూ చదువుతూ పోయాను. అక్షరాలు అలుక్కుపోతున్నాయేమోనని ఒక కన్ను మూసి, మరో కన్ను మూసి చూసుకున్నాను. ముందు సీట్లో నర్సయ్య రెండు చేతుల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

మేం చేరేసరికి నర్సయ్య బావ రాజేశాన్ని కరీంనగర్ తీసుకెళ్లడానికి అంబులెన్స్ ఎక్కిస్తున్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి. నర్సయ్య దగ్గరికి వెళ్లి "బావా, నేను" అన్నాడు.

"గొంతు ఇనవడుతుంది. మనిషివి కానస్తలేవు" అన్నాడు రాజేశం.

అతను బతికాడు. ఒక కంటికి చూపు చాలావరకు తిరిగొచ్చింది. మరో కంటికి వెలుతురు తెలుస్తుంది, అంతే. మగ్గం మీద తెగిన పోగు పట్టుకోలేక సాంచెల పని లక్ష్మికి అప్పగించాడని తర్వాత రజిత చెప్పింది. ప్రయోగశాల నివేదికలో మిథనాల్ ఉన్నట్టు వచ్చింది. నింపినవాళ్లను శాఖ పట్టుకుంది. నర్సయ్య తన మీద పెట్టిన కేసులో నేరం ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత నేను ఉద్యోగం చేసిన కాలమంతా, రసాయన పరీక్ష కాగితం బల్ల మీదికి రానిదే ఏ సీసాకూ మార్కులు వేయలేదు, నా కింది బ్లెండర్లను వేయనివ్వలేదు. ముక్కు స్పిరిట్ వయసు చెబుతుంది, పీపా ఎలాంటిదో చెబుతుంది. ఆ సరుకు మనిషిని బతకనిస్తుందో లేదో చెప్పలేదు. అయితే ఏదో తేడా ఉందని ముక్కు చెప్పినప్పుడు, నివేదిక కోసం ఆగకుండా ఆ మాట డాక్టర్‌కు చేరవేయాలి. తప్పయితే సంజాయిషీ రాసుకోవచ్చు.