నాలుగో శ్లాబు మీద పెళ్ళి మాట

ఆ రోజుల్లో మా అనకాపల్లిలో అందరి చూపులూ పైకే ఉండేవి. విశాఖపట్నం పెరిగి పెరిగి మా ఊరి దాకా వచ్చేస్తోందని, ఇక బెల్లం బజారు పక్కనే కంప్యూటర్లు దిగిపోతాయని టీకొట్ల దగ్గర తేల్చేశారు. ఆ ఊపులోనే హైవే పక్కన చెరకు తోట కొట్టేసి పది అంతస్తుల ఆఫీసు భవనం మొదలుపెట్టారు. డిగ్రీ చదివి ఇంట్లో కుర్చీలు అరగదీస్తున్న నాకు అందులో ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే మరేం లేదు, కొనడానికి వచ్చినవాళ్ళకు ఇంకా కట్టని ఆఫీసు గదులు చూపించడం. అందుకోసం ఏటికొప్పాకలో చేయించిన లక్క నమూనా ఒకటి ఉండేది. (లక్కబొమ్మల్ని తిప్పుతూ చెక్కుతారు కాబట్టి మా నలుచదరపు భవనం గుండ్రంగా, ఎర్రగా కుంకుమ భరిణెలా తయారైంది. మూత కూడా వచ్చేది.) చూసినవాళ్ళు గదుల సంగతి వదిలేసి ఆ బొమ్మ అమ్ముతారా అని అడిగేవారు.

అసలు భవనం మాత్రం నాలుగో శ్లాబు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంటోంది. ఆ సంగతి మా పెద్దమ్మ చెవికెక్కించుకోలేదు. నన్ను పెంచింది ఆవిడే, నాకు సంబంధాలు చూస్తున్నదీ ఆవిడే. పక్క పల్లెలో చెరకు పండించి బెల్లం వండే ఒక రైతు కూతుర్ని చూడ్డానికి వెళ్ళాం. ఆ అమ్మాయి కాఫీ ఇచ్చి ఒక్కసారి తలెత్తి చూసింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని అప్పుడే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ గొంతు సవరించుకుంది.

“మావోడు ఏడో అంతస్తులో కూకుంతాడు. కిందోలికి కనపడనే కనపడడు.”

“అలాగైతే ఓపాలి వచ్చి సూసి ఎల్తాను,” అన్నారు అమ్మాయి తండ్రి. మా వైపు పిల్లనిచ్చేవాళ్ళు కుర్రాడు పనిచేసే చోటు కళ్ళారా చూశాకే మాటిస్తారు. పొలమైతే గట్ల మీద నడిచి చూస్తారు, కొట్టయితే అరుగు మీద కాసేపు కూర్చుని చూస్తారు.

తిరిగొచ్చే దారిలో పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాను. ఏడో అంతస్తు ఎక్కడుందే అంటే, “ఎప్పుడో వత్తాది కదరా. నాను కాత్త ముందు సెప్పేను, అంతే,” అంది.

అమ్మాయి తండ్రి రానే వచ్చారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. “బాబూ, నీ కుర్సీ ఎక్కడో సూపించు,” అన్నారు. ఏం చెయ్యాలో తోచక పక్కగోడ కూడా లేని మెట్ల మీదుగా నాలుగో శ్లాబు దాకా తీసుకెళ్ళాను. అక్కడ ఇనప చువ్వలూ, ఒక దిష్టిబొమ్మా తప్ప ఇంకేం లేవు. (బొమ్మకు తొడిగిన గళ్ళ చొక్కా నాదే.) ఆయన తలెత్తి ఆకాశం కేసి చూశారు.

“పైన ఏటుంది బాబూ?”

“ఏమీ లేదండి. ఏడో అంతస్తు ఇంకా కట్టలేదండి. నా కుర్చీ కింద రేకుల షెడ్డులో ఉందండి,” అని ఒక్క గుక్కలో చెప్పేశాను. పిల్ల చేజారిపోయిందనే అనుకున్నాను.

ఆయన తిన్నగా ఒక స్తంభం దగ్గరికి వెళ్ళారు. జీవితమంతా బెల్లంతో గడిపిన మనిషికి ప్రపంచంలో ప్రతిదీ బెల్లం దిమ్మే. గోటితో గీరారు. ఊడొచ్చిన పలుకును ఎండకు పట్టి రంగు చూశారు, వేళ్ళ మధ్య నలిపారు, ఆఖరికి నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

“గట్టి సరుకు! ఏడేటి, పదీ లెగుత్తాది. పిల్లనిత్తన్నాను.”

“అది సిమెంటండీ...”

“నీకేటి తెలుసు? సరుకు సూడ్డం నాకు సెప్తావేటి?”

ఆయన నన్ను సరిగ్గా చూడనైనా లేదు. స్తంభం బాగుందని నన్ను పాస్ చేశారు.

శుభలేఖలు పంచుతుండగా పని ఆగిపోయింది. అమెరికాలో ఎక్కడో బ్యాంకులు మునిగాయన్నారు. (వాటికీ మా హైవే పక్క స్తంభాలకూ ఏం చుట్టరికమో నాకిప్పటికీ తెలీదు.) యజమాని ఫోను మూగబోయింది, రేకుల షెడ్డుకు తాళం పడింది. మర్నాడు నేను కాబోయే మావగారి బెల్లం వండే పాకకు వెళ్ళి, భవనం ఆగిపోయిందని, నా ఉద్యోగం పోయిందని, పెళ్ళి మాట ఇక మీ ఇష్టమని చెప్పాను. ఆయన పొయ్యిలోకి ఇంకాస్త చెరకు పిప్పి తోశారు.

“పదంతస్తులు లెగుత్తాదని ఊరంతా తిరిగి సెప్పేసేను. ఇప్పుడు అందరూ నవ్వుతారు, నవ్వనీ. బిల్డింగు కాడ నా అంచనా తప్పింది, ఒప్పుకుంతాను. నీ కాడ కూడా తప్పిందంటే బజార్లో తలెత్తలేను. లగ్నం మారదు. ఎల్లి ఇంకో పని ఎతుక్కో అల్లుడా.”

ఆ పిలుపుకు నేను అక్కడే కళ్ళు తుడుచుకున్నాను. పొగ వల్ల అన్నాను. ఆయన నమ్మినట్టే ఉన్నారు.

భవనం ఇప్పటికీ నాలుగు అంతస్తులే. పావురాలు మాత్రం అన్ని గదులూ తీసుకున్నాయి. మా మావయ్య పోయి కొన్నేళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ ఎవరైనా ఆ భవనం పేరెత్తి ఆటపట్టిస్తే, “రెండిట్లో ఒకటి నిలబడింది కదరా!” అని నా భుజం తట్టేవారు. అందుకే బస్సు అటు వెళ్ళినప్పుడల్లా నేను కాస్త నిటారుగా కూర్చుంటాను. ఈమధ్య పొట్ట అడ్డొస్తోందనుకోండి, అయినా సరే.