సామికి ఆధారం లేదట

బాబాయిని చేసుకుని మా ఇంటికొచ్చిన పిన్ని, నిఘంటువు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు కార్డులు రాసింది. మాటకో కార్డు. ఎక్కడ పుట్టింది, అర్థాలేమిటి, ఏ పుస్తకంలో ఏ పేజీలో కనిపించింది, అన్నీ అందులో ఉండాలి. అచ్చులో ఆధారం చూపలేని అర్థాన్ని అక్కడ ఒప్పుకోరు. ఆ నియమాన్ని ఆవిడ ఇంటికీ మోసుకొచ్చింది. "ఇవాళ పాలవాడు రాడట పిన్నీ" అన్నా చాలు, "ఆధారం?" అనేది. నాకు ఒళ్లు మండేది.

ఉద్యోగం చివరి వారంలో ఆమె చేతికి 'సామి' వచ్చింది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. 'స్వ' అంటే తన. తనదంటూ ఉన్నవాడు స్వామి. యజమాని, మొగుడు, దేవుడు, అందరూ అందులోంచే వచ్చారు. మన నోట్లో పడి వత్తు ఊడి సామి అయింది. పిన్ని ఇదంతా గుండ్రటి అక్షరాలతో రాసి, కింద ఇంకో అర్థం చేర్చింది: 'తల్లి బిడ్డను బుజ్జగించే పిలుపు.'

"ఆధారం?" అన్నాడట సంపాదకుడు.

"మా అమ్మండీ."

"ఏ పేజీ?"

పిన్నికి నాలుగేళ్లప్పుడే వాళ్లమ్మ పోయింది. ఫొటో లేదు, ముఖం గుర్తు లేదు. గిన్నె పట్టుకుని వెంటపడుతూ "ఒక్క ముద్ద తిను సామీ" అన్న గొంతు ఒక్కటే మిగిలింది. ఆ గొంతు కోసం ఆమె ఎంత అల్లాడేదో మాకు తెలుసు. జ్వరమొస్తే ఆ మాటే కలవరించేది.

సంపాదకుడు ఆ పంక్తి కొట్టేశాడు. మహానుభావుడు, స్కేలు పెట్టి మరీ కొట్టేశాడు.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి పిన్ని ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో అన్నం డబ్బా, మధ్యాహ్నం మూత కూడా తీసినట్టు లేదు.

"ఆయన తప్పేం లేదే. నేను మాత్రం ఎందరివి కొట్టేయలేదు?" అంది. "కానీ మా అమ్మ ఉందనడానికి ఇంకెక్కడా ఏమీ లేదే. ఆ కార్డులోనైనా ఉంటుందనుకున్నాను."

నాకు కోపం, ఏడుపు కలిసి తన్నుకొచ్చాయి. డబ్బా మూత తీసి, అన్నం కలిపి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"ఒక్క ముద్ద తిను సామీ."

అరవై ఏళ్ల మనిషి. ఆధారం అడగలేదు, నోరు తెరిచింది.

సంపాదకుడు గారూ, ఇది అచ్చయ్యాక పేజీ నంబరు మీరే వేసుకోండి.