అయ్యగారి ప్రసంగాలు చవక స్టోరేజీలో

తనను నమ్ముకున్నవారిని సిగ్గుపడనియ్యని దేవునికి స్తోత్రం. బోథ్‌లోని మా సంఘంలో ఆరాధన వీడియోలను క్లౌడ్‌లో దాచే పని నాది. వీడియోలు పెరిగేకొద్దీ ఖర్చు మోయలేకపోయాం.

"పాటలు అడగ్గనే దొరికేతట్టు ఉంచు బిడ్డా. అయ్యగారి ప్రసంగాలు చవక స్టోరేజీల పడేయ్. మల్ల ఎవరు వింటరు?" అన్నారు మా పాస్టరు అయ్యగారి భార్య, పాస్టరమ్మగారు. అలాగే చేశాను.

ఒక ఆదివారం అయ్యగారి గొంతు పూర్తిగా పోయింది. పాత ప్రసంగం ఒకటి పెట్టమని సైగ చేశారు. చవక స్టోరేజీ నుంచి ఫైలు తిరిగి రావాలంటే సాయంత్రం దాకా ఆగాలి. సంఘమంతా నన్నే చూస్తుంటే ఆ మాటే అయ్యగారికి చెప్పాను.

"గట్లెందుకు పెట్టినవ్?" అయ్యగారి గుసగుస మైకులో అందరికీ వినిపించింది. అమ్మగారి పేరు ఎలా చెప్పను?

ఆమే లేచారు. "నేనే పెట్టుమన్న, పిల్లనేమనకుండ్రి. వారమంతా వంటింట్ల నాకు చెప్పేటియే గదా, అన్ని నోటికొచ్చు."

తప్పిపోయిన గొర్రె గురించి మొదలుపెట్టి, అయ్యగారు గంటసేపు చెప్పేదాన్ని పావుగంటలో ముగించారు. అంత గట్టి ఆమేన్ నేనెప్పుడూ వినలేదు.

"ఈ వీడియోను పాటల పక్కన పెట్టు," అన్నారు అయ్యగారు, కళ్లు తుడుచుకుంటూ.

ఎవరి నోట పలకాలో దేవుడే ఎంచుకుంటాడు. అయ్యగారి గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. అమ్మగారు తొందరేం లేదంటున్నారు. మీరైనా నాతో కలిసి ప్రార్థించండి.