రెండో పేపరు

మా ఇద్దరికీ పరిచయం అనంతపురంలో, సివిల్స్ కోచింగ్‌లో. పెళ్ళయ్యాక ఇద్దరం చదువుతూ కూర్చుంటే ఇల్లు గడవదని తెలుసు. "ముందు నువ్వు రాయి. నేను తర్వాత రాస్తాలే" అన్నాడాయన. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. మేము పెనుకొండలోనే కాపురం పెట్టాము. పాప పుట్టాక నేనూ హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పడానికి వెళ్ళాల్సి వచ్చింది. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు.

రాజ్యాంగం ఒకసారి చదివితే ఉంటుంది. చరిత్ర ఎక్కడికీ పోదు. కరెంట్ అఫైర్స్ అట్లా కాదు. ప్రిలిమ్స్ పోయిందంటే ఆ ఏడాది చదివిందంతా పాచిపోయినట్టే. ఏ దేశం ఏ కూటమిలో చేరింది, ఏ పథకం ఏ మంత్రిత్వ శాఖ కిందికి వస్తుంది, ఏ చిత్తడి నేలకు కొత్తగా గుర్తింపు వచ్చింది, అన్నీ మళ్ళీ మొదటినుంచి. నేను అట్లా చాలాసార్లు మొదలుపెట్టాను. చివరికి ఒక్క అటెంప్టు మిగిలింది.

పేపరు చదవడానికి నాకు పొద్దు చాలేది కాదు. అందుకని ఆయన షిఫ్టు బస్సులో కూర్చుని పేపరు చదివి, పరీక్షకు పనికొచ్చేవి ఏరి, తన గొంతుతో రికార్డు చేసి ఫోన్‌కు పంపేవాడు. వెనకాల బస్సు హారన్లు, ఎవరో నవ్వడం వినిపించేవి. నేను అన్నం వండుతూ వినేదాన్ని, రైల్లో వినేదాన్ని. కొన్ని రోజులు ఎంత విన్నా ఏదీ నిలిచేది కాదు. ఎవరైనా పలకరిస్తే కోపం వచ్చేది.

పరీక్ష దగ్గర పడేకొద్దీ పాపను చూసుకోవడం కష్టమైంది. మూడేళ్ళ పిల్ల. ధర్మవరంలో మా అమ్మ దగ్గర వదిలాము. నాయన ఇంట్లోనే మగ్గం నేస్తాడు కాబట్టి పిల్లకు తోడు ఇద్దరుంటారు అనుకున్నాము.

ఒక సాయంత్రం స్కూలు నుంచి వస్తూ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పెనుకొండ దాటిపోయింది. రైలు ధర్మవరం చేరుతోంది. ఇంకేం చేయాలో తోచక అమ్మ వాళ్ళింటికి నడిచాను. వాకిట్లో ఆడుకుంటున్న పాప నన్ను చూసి నా దగ్గరికి రాలేదు. లోపలికి పరుగెత్తి అవ్వ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. అమ్మ అంది, "రామ్మా, మీ అమ్మ గదా." పాప రాలేదు.

నేను గడపలోనే కూలబడి ఏడ్చాను. నాయన మగ్గం ఆపాడు.

"ఇంగ చాలు లేమ్మా. ఆరోగ్యం చూడు ఎట్లయిపోయినావో. టీచరు ఉద్యోగం ఉండాది, ఇద్దరూ సంపాదిస్తాండారు, ఇంగేం కావల్ల?" అంది అమ్మ.

"ఈ ఒక్కసారీ రాయనీ. ఇంతదూరం వచ్చి నిలిపేసేది ఏంది?" అన్నాడు నాయన. అంతే అని మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడు.

పరీక్షకు ముందురోజు మేమిద్దరం ధర్మవరం వచ్చి అక్కడే ఉన్నాము. అనంతపురం సెంటరు అక్కడినుంచి దగ్గర. ఆదివారం పొద్దున బయలుదేరేటప్పుడు పాప నుదురు తాకితే కాస్త వెచ్చగా అనిపించింది. "ఎండకు అట్ల ఉండాది. ఏం కాదు, పొండి" అంది అమ్మ. మేము బస్సెక్కాము.

లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు. నా ఫోన్ ఆయన దగ్గరే పెట్టి లోపలికి వెళ్ళాను. మొదటి పేపరు తెరిచాక నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. కరెంట్ అఫైర్స్ ప్రశ్న చదువుతుంటేనే ఆయన గొంతు చెవిలో మోగుతోంది. ఆప్షన్లు చూడకముందే జవాబు తెలుస్తోంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత బాగా రాయలేదు. గంట కొట్టగానే నవ్వుకుంటూ బయటికొచ్చాను.

ఆయన గేటు బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. చేతిలో అన్నం పొట్లం ఉంది. నా మొహం చూసి నవ్వబోయాడు కానీ నవ్వలేదు.

"ఏమయింది?"

"ముందు తిను."

"ఏమయిందో చెప్పు."

"పాపకు జరం ఎక్కువైంది. ఫిట్సు వచ్చినాయంట. మీ నాయన ఆటోలో ఆస్పత్రికి తీసుకపోయినాడు. డాక్టరు చూసినాడంట. ఇప్పుడు నిద్రపోతాంది."

నేను బస్టాండు వైపు తిరిగాను. ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"యాడికి పోతాండావు? నేను పోతాండా గదా. నువ్వు లోపలికి పో."

"నేనుండలేను. నేనూ వస్తా."

"రెండో పేపరు రాయకపోతే మొదటిది దిద్దరు, నీకు తెలుసు. ఇదే ఆఖరుది. నువ్వొచ్చినా ఆడ చేసేదేం లేదు. రాసి రా. అంతవరకు నేనుంటా పాప కాడ."

అన్నం పొట్లం నా చేతిలో పెట్టి, ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ కంగారులో నా ఫోన్ ఆయన జేబులోనే పోయింది. అది నాకు గేటు దగ్గర తెలిసింది. అన్నం తినలేదు. గేటు మూసేముందు లోపలికి వెళ్ళాను.

రెండో పేపరులో ఎక్కువ మార్కులు అక్కరలేదు, గట్టెక్కితే చాలు. నేను ప్రతిసారీ గట్టెక్కాను. ఆ రోజు మొదటి పేరాగ్రాఫ్ చదివాను. మళ్ళీ చదివాను. చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండటం లేదు. లెక్కలకు వెళ్ళాను. అంకెలు కనిపిస్తున్నాయి, అడిగిందేమిటో అర్థం కావడం లేదు. పాప కళ్ళు తేలేసినట్టు ఊహ వస్తోంది. నేను చూడలేదు కాబట్టి ఆ ఊహకు అంతు లేదు. లేచి నిలబడ్డాను.

"ఏమ్మా?" అంది ఇన్విజిలేటరు.

"వెళ్ళిపోవాలి మేడం. మా పాపకు బాగాలేదు."

"గంట కొట్టేదాకా ఎవరినీ పంపకూడదమ్మా. కూర్చో. నీళ్ళు తాగు." ఆమె మాటలో కఠినత్వం ఏమీ లేదు. అయినా ఆ గది తలుపు నాకు జైలు తలుపులా అనిపించింది. కూర్చున్నాను. చేతికొచ్చిన కొన్ని గళ్ళు నింపాను. మిగిలినవి ఖాళీగా వదిలాను.

బయటికొచ్చి ఎవరో అమ్మాయిని ఫోన్ అడిగి చేశాను. ఆయన ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఆ అమ్మాయిని వాళ్ళన్న బండి మీదనుంచి పిలుస్తున్నాడు. ఫోన్ ఇచ్చేశాను. ధర్మవరం బస్సులో నిలబడే వెళ్ళాను. దారి పొడుగునా, పాప బతికి ఉంటే చాలు, ఈ చదువు ముఖం మళ్ళీ చూడను అని మొక్కుకున్నాను.

ఆస్పత్రి మెట్ల మీద నాయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు. "బాగుండాది, బాగుండాది, లేచి బిస్కెట్టు తినింది" అన్నాడు ముందుగానే. తర్వాత నెమ్మదిగా అడిగాడు, "ఎట్ల రాసినావమ్మా?"

నేను లోపలికి పోయాను. పాప చేతికి సెలైన్ సూది ఉంది. ఆయన పక్కన కూర్చుని దాని అరికాళ్ళు నిమురుతున్నాడు. ఫోన్ సైలెంటులో పెట్టి మరిచిపోయాడట. అమ్మ నావైపు చూడకుండా జరిగి చోటిచ్చింది.

కీ వచ్చాక సరిచూసుకున్నాను. మొదటి పేపరులో కావాల్సిన మార్కుల కంటే ఎక్కువే వచ్చాయి. రెండోది గట్టెక్కలేదు. ఫలితాల రోజు స్కూలు స్టాఫ్‌రూంలో, తెలిసి తెలిసీ, నా నంబరు కోసం మొత్తం వెదికాను. గంట కొడితే ఏడో తరగతికి వెళ్ళి పాఠం చెప్పాను.

పాప మళ్ళీ మాతోనే ఉంటోంది. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది. టీవీలో వార్తలొస్తే లేచి వంటింట్లోకి వెళ్ళేదాన్ని.

ఆయనకింకా వయసుంది, అటెంప్టు ఉంది. తర్వాతి ఏడాది నోటిఫికేషన్ వచ్చింది. ఆయన అప్లై చేస్తాడేమోనని చూస్తూ వచ్చాను. గడువు ముగిసే రోజు అన్నం వడ్డిస్తూ అడిగాను.

"అప్లై చేసినావా?"

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "ఒక ఏడాది కరెంట్ అఫైర్స్ అంతా పోయింది గదా. యాడ మొదలుపెట్టేది?" అన్నాడు.

"నీ వంతు గదా ఇది. నేను చూసుకుంటా అన్నీ."

"మజ్జిగ పొయ్యి" అన్నాడు.

పోశాను. ఆయన తిని షిఫ్టుకు వెళ్ళాడు. ఆ మాట మేము మళ్ళీ ఎత్తలేదు.